రాయి తాగిన నీళ్లు

శివరాత్రి వెళ్ళిన నాలుగో రోజు నా కొడుకు తిరుపతి మంచం దిగి వచ్చి ముందటి అర్రలో నిలబడ్డాడు. నేను గడప దగ్గర కూర్చుని తాపీ పిడికి గుడ్డ చుట్టుకుంటున్నాను.

"బాపు, ఈడ టన్ను బరువు పెడితే నేల ఆగుతదా?" అని అడిగాడు.

ఐదు నెలల్లో వాడు నాతో అన్న మొదటి మాట అది. నేను మేస్త్రీని. ఎల్లారెడ్డిలో నలభై ఏళ్లు ఇండ్లు కట్టాను. ఎంత బరువు, ఎంత పొడుగు అని అడగడం నాకు తెలుసు. ఎందుకు అని అడగడం ఎప్పుడూ చేతకాలేదు.

"పొడుగెంత?" అన్నాను.

"ఆరు ఫీట్లు. అద్దాల తొట్టి. నిండ ఉప్పు నీళ్లు."

అప్పుడు నాకు అర్థమైంది.

మస్కట్‌లో వాడు పదకొండేళ్లు ఒక పెద్ద హోటల్లో పనిచేశాడు. అక్కడి కింది హాల్లో గోడంత అద్దాల తొట్టి ఉండేది. సముద్రపు నీళ్లు, సముద్రపు రాళ్లు, ఆ రాళ్ల మీద మొక్కల్లా ఊగే పగడపు జీవాలు. వాడి పని ఆ అద్దం తుడవడం. అదీ బయటి వైపే. లోపలి నీళ్ల సంగతి చూసే మనుషులు వేరే. డ్యూటీ దిగాక వీడియో కాల్ చేసి ఫోన్ ఆ అద్దం ముందు పెట్టేవాడు. ఇక్కడ వాడి బిడ్డ లాస్య అన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని ఆ చేపలను చూసేది. చేప రాయి చాటుకు పోతే నమలడం ఆపేది.

పోయిన వానాకాలం లాస్యకు జ్వరం వచ్చింది. నా కోడలు సాయిలత అంగన్‌వాడీ టీచరు. రెండు రోజులు ఇక్కడి డాక్టరు మందులే ఇప్పించి మూడో రోజు కామారెడ్డి దవాఖానకు తీసుకుపోయింది. ఆరో రోజు పిల్ల పోయింది. ఏడేళ్లు. తిరుపతి పాస్‌పోర్టు కంపెనీ వాళ్ల దగ్గర ఉండిపోయింది. అది చేతికొచ్చి వాడు ఇల్లు చేరేసరికి పిల్ల పోయి పదకొండో రోజు. వచ్చినవాడు మళ్లీ పోలేదు. మంచం ఎక్కాడు. ఆ మొదటి రెండు రోజుల సంగతి పెళ్లాన్ని ఒక్క మాటా అడగలేదు. తిట్టినా బాగుండేది. ఆమె కంచం పెట్టేది, వాడు తినేవాడు, ఆమె కంచం తీసేది. నేను పెరట్లో బావి మీద ఇనుప జాలీ బిగించాను. ఏందని సాయిలత అడిగితే ఆకులు పడుతున్నాయన్నాను. ఆమె నా ముఖం చూసి మళ్లీ అడగలేదు.

అందుకని ఆ రోజు వాడు బరువు సంగతి అడిగితే నేను టన్నుకు కాదు, రెండు టన్నులకు పునాది తవ్వాను.

వాడు చూపిన చోట లాస్య పుస్తకాల అలమారి ఉండేది. దాన్ని ఎవరు జరపాలి అని నేను రెండు రోజులు పని మొదలుపెట్టలేదు. మూడో రోజు పొద్దున లేచి చూస్తే సాయిలతే దాన్ని ఖాళీ చేసి లోపలికి జరిపింది. గచ్చు పగలగొట్టి, నల్లమట్టి తీసేసి, మొరం నింపి దిమ్మిసతో గట్టిగా కొట్టాను. కంకర వేశాను. మూడు ఇటుక దిమ్మెలు కట్టి పైన గ్రానైటు పలక పరిచాను. రసమట్టం పెడితే నీటి బుడగ నడిమధ్యన ఆగింది. తిరుపతి వంగి ఆ బుడగను చాలాసేపు చూశాడు. ఎండ పడొద్దన్నాడు, కిటికీకి తడక కట్టాను. కరెంటు పోతే మోటారు ఆగొద్దన్నాడు, ఇన్వర్టరు పెట్టించాడు. రోజూ ఏదో ఒకటి అడిగేవాడు. నా సీసంకడ్డీ తీసుకుని గోడ మీదే లెక్కలు వేసేవాడు, ఇన్ని లీటర్లు, ఇంత ఉప్పు, ఇంత రాయి. మా ఇంటి గోడ మీద రాస్తే మామూలుగా నేను ఊరుకోను. ఊరుకున్నాను.

తొట్టి కోసం ఇద్దరం బస్సెక్కి కామారెడ్డి పోయాం. అక్కడ అభిలాష్ అనే పిలగాడికి చేపల దుకాణం ఉంది. తిరుపతి చెప్పిందంతా విని తల గోక్కున్నాడు.

"అన్నా, నేనమ్మేటివి ఎర్ర చేపలు, నల్ల చేపలు. ఉప్పునీళ్ల తొట్టి ఈ జిల్లాల ఎవ్వలు పెట్టంగ నేను చూడలే. సామాను హైదరాబాద్‌కెళ్లి తెప్పిస్త. నువ్వు పెట్టు, నిన్ను చూసి నేను నేర్చుకుంట."

"నాకు గూడ అద్దం తుడుసుడే వస్తది" అన్నాడు తిరుపతి.

"ఇంకేంది మరి, ఇద్దరం ఒక్క క్లాసే."

తిరుపతి నవ్వాడు. పళ్లు కనబడలేదు కానీ నవ్వే. తిరుగు బస్సులో కిటికీ పక్కన దాన్ని తలుచుకుంటూ నేను గాంధారి స్టేజీ ఎప్పుడు దాటామో చూడలేదు.

అభిలాష్ ఒకటి గట్టిగా చెప్పాడు. తొట్టి నింపగానే చేపలు వేయకూడదు. రాళ్లలో కంటికి కనబడని జీవాలు పెరిగి, నీళ్లలో పుట్టే విషాన్ని అవి తినడం నేర్వాలి. దానికి నెలన్నా పడుతుంది. అది నాకు వేరే చెప్పనక్కరలేదు. స్లాబు పోసి మర్నాడు దాని మీద ఇల్లు కట్టం.

ఉగాదికి నీళ్లు నింపాం. ఫిల్టరు నీళ్లే, బోరు నీళ్లు పనికిరావన్నాడు అభిలాష్. సంచుల్లో వచ్చిన ఉప్పు డ్రమ్ములో కలిపి పోశాం. తెల్లటి సున్నపురాళ్ల లాంటి సముద్రపు రాళ్లు పేర్చాం. నా చేతితో పేర్చాను, సున్నం రాయి ఎట్లా కూర్చుంటుందో నాకు తెలుసు. ఇక ఎదురుచూడడమే. తిరుపతి ఇంట్లో సముద్రం కడుతున్నాడని వాడకట్టంతా వచ్చి చూసింది. చూస్తే నీళ్లూ రాళ్లే. సాయిలత సెంటర్లో ఆయాగా చేసే రుక్మాబాయి రెండు సందుల అవతల ఉంటుంది. ఆమె ముక్కు మీద వేలు పెట్టుకుని, "హన్మంతన్నా, చేపలేవి? రాళ్లకు క్యూరింగ్ పెట్టినవా ఏంది?" అన్నది. వెనక ఆడవాళ్లంతా నవ్వారు. తిరుపతి లోపలికి పోయి మళ్లీ పడుకుంటాడేమోనని చూశాను. వాడు అద్దం తుడుచుకుంటూనే ఉన్నాడు.

రోజూ పొద్దున గాజు గొట్టంలో ఇన్ని తొట్టి నీళ్లు తీసి, మందు చుక్కలు వేసి, కాగితం మీది రంగులతో పోల్చాలి. ఆకుపచ్చగా ఉంటే విషం ఉన్నట్టు, పసుపుపచ్చగా మారితే పోయినట్టు. తిరుపతికి చిన్నప్పటి నుంచీ ఆ రెండు రంగుల తేడా తెలియదు. నాకు కళ్లల్లో పొర. మూడో రోజో నాలుగో రోజో వాడు గొట్టం పట్టుకుని వంటింటి గుమ్మం దాకా పోయి నిలబడ్డాడు. సాయిలత బియ్యం కడుగుతున్నది.

"ఇదేం రంగు?" అన్నాడు.

ఆమె చేతులు తుడుచుకుని వెలుతుర్లోకి వచ్చింది. "ఆకుపచ్చనే" అన్నది. "కానీ నిన్నటంత లేనట్టుంది."

"నిన్న నువ్వు చూసినవా?"

"నువ్వు కిటికీల పెట్టినవు గద. చూసిన."

ఆ రోజు నుంచి పొద్దున్నే ఇద్దరూ వంటింటి కిటికీ దగ్గర నిలబడేవారు. రంగు ఒక్కటే మాట్లాడుకునేవారు. నాకు అదే ఎక్కువ. ఐదో వారంలో ఒక పొద్దున సాయిలత గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పసుపు. మొత్తం పసుపు" అన్నది. తిరుపతి నమ్మక మళ్లీ చుక్కలు వేశాడు. మళ్లీ పసుపే. ఆ మధ్యాహ్నం వాడు ఆమెతో పాటు వంటింట్లోనే కూర్చుని తిన్నాడు.

ఏప్రిల్ ఆఖర్లో అభిలాష్ స్వయంగా డబ్బాలు పట్టుకుని వచ్చాడు. నారింజ రంగు మీద తెల్ల పట్టీల చేపలు రెండు, నత్తలు, మీసాలు పొడుగ్గా ఉన్న ఎర్ర రొయ్య ఒకటి, పగడపు ముక్కలు ఆరు. మూడో రోజుకు ఆ ముక్కలు విచ్చుకున్నాయి. వేళ్లలాగా బయటికొచ్చి నీళ్లలో ఊగాయి. సాయిలత చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పోయింది. తిరుపతి వెనకే పోయాడు. నేను పోలేదు.

నాకు ఒక పని ఇచ్చారు. ఎండాకాలం, తొట్టి నీళ్లు రోజూ ఆవిరవుతాయి. ఉప్పు మాత్రం పోదు కాబట్టి ఉత్త ఫిల్టరు నీళ్లు అద్దం మీద గీసిన గీత దాకా రోజూ పొద్దున పోయాలి. "బాపు, ఈ క్యాన్లల్ల నీళ్లే. వేరేవి వద్దు" అన్నాడు తిరుపతి. సరేనన్నాను.

ఇక్కడ నేను చేసింది చెప్పాలి.

దవాఖానలో నాలుగో రోజు లాస్య నోరు ఎండి, నన్ను చూసి ఇంటి నీళ్లు కావాలన్నది. బాటిలు నీళ్లు వాసన వస్తున్నాయన్నది. మా ఇంట్లో తాగే నీళ్లు ఎప్పుడూ రాగి బిందెలో నింపి పెడతాం. రాత్రంతా రాగిలో ఉన్న నీళ్లకు ఏ దోషమూ ఉండదని నా భార్య గంగామణి బతికున్నన్నాళ్లూ అనేది, మా అమ్మ కూడా అనేది. నేను ఎల్లారెడ్డి వచ్చి, బిందెలో నీళ్లు ఒక బాటిల్లో ముంచుకుని మళ్లీ బస్సెక్కాను. బస్సు లింగంపేట దగ్గర ఆగిపోయింది. నేను చేరేసరికి పిల్లకు తెలివి లేదు. ఆ బాటిలు అట్లాగే తిరిగి తెచ్చాను. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

క్యాన్ల నీళ్లు ఎండకు ప్లాస్టిక్ వాసన కొట్టేవి. రాళ్లే ఉన్నప్పుడు నాకు పట్టలేదు. ఇప్పుడు ప్రాణమున్నవి వాటిని మింగుతున్నాయి. తిరుపతి చెప్పిన నీళ్లే, నేను మార్చలేదు. సాయంత్రం క్యాను తెచ్చి రాగి బిందెలో వంచేవాణ్ణి, పొద్దున ఆ బిందెతోనే తొట్టిలో పోసేవాణ్ణి. మంచి నీళ్లు పోస్తున్నాననే అనుకున్నాను.

పన్నెండో రోజు నత్తలు అద్దం మీంచి రాలి పడ్డాయి. మర్నాడు రొయ్య చచ్చింది. పగడాలు ముడుచుకుపోయాయి. తిరుపతి ఫోన్ చేస్తే అభిలాష్ వేడి ఎక్కువైందేమో చూడమన్నాడు. వేడి సరిగ్గానే ఉంది. అయితే తొట్టిలో వాడే బకెట్టుకు సబ్బు తగిలిందేమో అన్నాడు. ఆ బకెట్టు కడిగేది సాయిలత.

తిరుపతి ఫోన్ పెట్టి ఆమె వైపు తిరిగాడు. సబ్బుతో కడిగినవా అని అడిగాడు. లేదన్నది. మళ్లీ అడిగాడు. లేదన్నది.

"నీ చేతుల పెట్టింది ఏది బతికింది?" అన్నాడు.

గట్టిగా అనలేదు. రంగు అడిగినట్టే అడిగాడు. సాయిలత నా వైపు ఒకసారి చూసింది. నేను నేల చూశాను. నాకప్పుడు ఏమీ తెలియదు, అయినా నేలే చూశాను. ఆమె లోపలికి పోయి సంచి సర్దుకుంది. ఎండాకాలం సెలవులు ఎలాగూ ఉన్నాయి, దోమకొండలో తన అమ్మగారింటికి పోతున్నానని నాకు చెప్పి, మధ్యాహ్నం బస్సెక్కింది.

రెండు రోజుల తర్వాత అభిలాష్ హైదరాబాద్ నుంచి ఇంకో రకం మందు చుక్కలు తెప్పించి పంపాడు. తిరుపతి వేశాడు. గొట్టంలో నీళ్లు నీలంగా మారాయి. నీలం వాడికి తెలుస్తుంది. అయినా నాకు చూపించాడు.

"నీలమే గద బాపు?"

"నీలమే."

వాడు కాగితం చదివి, రాగి అన్నాడు. రాగి కొంచెం కలిసినా ఈ జీవాలకు విషమట. చేపలు తట్టుకుంటాయి, మిగతావి తట్టుకోవు. "రాగి యాడికెళ్లి వచ్చింది?" అని తనలో తాను అనుకుంటూ మోటారు బయటికి తీశాడు. లోపలి తీగ నీళ్లకు తగులుతున్నదేమోనని మరలు విప్పి, ఒక్కొక్క ముక్కా గుడ్డ మీద పరిచి చూశాడు. నేను అరుగు మీద కూర్చుని చూశాను. నా వెనక మూలకు బిందె ఉంది. వాడు దాన్ని రోజూ చూస్తాడు, దానిలో నీళ్లే తాగుతాడు. కానీ తొట్టిలో పోసేది క్యాన్లతోనే అని వాడి నమ్మకం. చెప్పింది వాడు, సరేనన్నది నేను.

చెబుదామని నోరు తెరిచాను. వాడు తలెత్తి, "ఏంది బాపు?" అన్నాడు.

"ఛాయ్ తాగుతవా?" అన్నాను.

సాయంత్రం బిందెను వెనక కొట్టంలో పెట్టి గోనెసంచి కప్పాను. ఎండాకాలమని చెప్పి తాగే నీళ్లకు మట్టికుండ పెట్టాను. ఆ పని కళ్లు తెరుచుకునే చేశాను. దానికి తెలియక అనే మాట పనికిరాదు. వాడు మళ్లీ మంచం ఎక్కుతాడని భయం. నా మీద కూడా ఆ మాటే అంటాడని భయం. ఎనిమిది రోజులు అట్లాగే గడిపాను. వాడు తీగలు మార్చాడు, మోటారు మార్చాడు. ఉప్పు సంచిని అనుమానించాడు. పగడాలు ఒక్కొక్కటే తెల్లగా మారి, ఎముకల్లాగా నిలబడ్డాయి.

తొమ్మిదో రోజు పొద్దున దోమకొండ పోయాను.

సాయిలత వాకిట్లో చింతపండు ఈనెలు తీస్తున్నది. పీట వేసింది. నీళ్లిచ్చింది. నేను గ్లాసు కింద పెట్టి, రాగి బిందె సంగతి చెప్పాను. నా జన్మలో అంత పొడుగు మాట ఎప్పుడూ చెప్పలేదు.

"నాకు తెలుసు మామా" అన్నది.

"ఎట్ల?"

"మీరు బిందెతోని పోయంగ చూసిన. మంచిదే అనుకున్న. రొయ్య చచ్చిన నాడు ఫోన్‌ల చూస్తే రాగి అని ఉన్నది."

"మరి ఆయాల్ల చెప్పకపోతివి బిడ్డా."

ఆమె ఈనెలు ఒక పక్కకు, పండు ఒక పక్కకు వేసింది. "చెప్తే ఆ మాట మిమ్మల్ని అంటుండె. నన్ను ఎన్నడో అన్నడు లోపట. ఆయాల్ల పైకి వచ్చింది, గంతే." ఇంకో పండు అందుకుని, "మీకప్పుడు తెల్వదు. తెలిసి ఎన్ని రోజులైంది మామా?" అన్నది.

"ఎనిమిది."

ఆమె లేచి ఛాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. ఛాయ్ తెచ్చింది, నేను తాగాను. ఇంటికి రమ్మని అడగడానికే పోయాను. అడగలేదు. అడిగే మొఖం ఎనిమిది రోజుల కింద ఉండె.

తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతున్నది. తిరుపతి తొట్టి ముందర కూర్చున్నాడు. కొట్టంలోంచి బిందె తెచ్చి వాడి ముందు పెట్టాను.

"దీనితోని పోసిన. చేపలొచ్చిన కాడికెళ్లి. నేనే."

వాడు బిందెను చూశాడు. అంచు పట్టుకుని లోపలికి చూశాడు. ఎందుకు పోసినవని అడిగాడు. దవాఖానలో పిల్ల అడిగిన నీళ్ల సంగతి చెప్పాను. బస్సు ఆగిన సంగతి చెప్పాను. కోడలికి ముందే తెలుసని కూడా చెప్పాను, ఎందుకు చెప్పలేదో ఆమె అన్నది అన్నట్టే చెప్పాను.

"నీళ్లు అడిగిందని నాకెవ్వలు చెప్పలే" అన్నాడు.

ఆ రాత్రి వాడు తినలేదు. నేనూ తినలేదు.

పొద్దున వాడు మంచంలో ఉంటాడనుకున్నాను. లేడు. తొట్టిలో చెయ్యి పెట్టి రాళ్లు తీస్తున్నాడు. నీళ్లు మారిస్తే కాదా అని అడిగాను. కాదన్నాడు. రాళ్లు రాగిని తాగేశాయి, ఎన్ని నీళ్లు మార్చినా మళ్లీ వదులుతూనే ఉంటాయన్నాడు. సున్నం సంగతి నాకు తెలుసు. తడిసినప్పుడు దేన్ని పడితే దాన్ని లోపలికి తీసుకుంటుంది, గీకితే పోదు. చేపలు రెండింటినీ అభిలాష్ వచ్చి తీసుకుపోయాడు. పోతూ, "మళ్ల పెడుదమన్నా" అన్నాడు. తిరుపతి తల ఊపాడు, అవుననో కాదనో తెలియలేదు.

నీళ్లు మిగిలాయి. పెరట్లో పోస్తే నేల చౌడు పట్టిపోతుంది. మోరీలో పోస్తే అది పోయి మడులలో కలుస్తుంది. బడి వెనక మొరం తవ్విన పాత గుంత ఉంది, గడ్డి కూడా మొలవదు. పెద్ద టబ్బులో నింపి, ఆ చెవి వాడు, ఈ చెవి నేను పట్టుకుని అక్కడికి మోయడం మొదలుపెట్టాం.

మృగశిర ఇంకా రాలేదు కానీ సెలవులు అయిపోయాయి, సెంటర్లు తెరిచారు. సాయిలత ఊళ్లోకి వచ్చిందనీ, రుక్మాబాయి ఇంట్లో ఒక అర్ర తీసుకున్నదనీ మాకు ముందురోజే తెలిసింది. ఆమె ఆ పొద్దున తన రిజిస్టర్ల కోసం వచ్చింది. మేము రెండో సారి నీళ్లు మోస్తున్నాం. నా మోచెయ్యి పట్టేసి టబ్బు కింద పెట్టాను. ఆమె రిజిస్టర్లు చంకలో పెట్టుకుని బయటికొచ్చి, మమ్మల్ని చూసి, వాటిని అరుగు మీద పెట్టింది. కొంగు దోపి నా వైపు చెవి పట్టుకుంది.

వాళ్లిద్దరే మోశారు. మొదటిసారి అడుగులు కలవక నీళ్లు ఇద్దరి కాళ్ల మీదా పడ్డాయి. తర్వాత తర్వాత తొణకలేదు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి తొట్టి ఖాళీ అయింది. ఆమె కాళ్లు కడుక్కుని రిజిస్టర్లు తీసుకోబోతే వాడు ముందే తీసుకున్నాడు. ఇద్దరూ సందు మొదటి దాకా నడిచారు.

అక్కడ కరెంటు స్తంభం దగ్గర ఆగారు. సాయిలత మాట్లాడుతున్నది. ఒక చేతి వేళ్లు పట్టుకుని ఒకటి, రెండు అని లెక్కపెట్టినట్టు చెబుతున్నది. మధ్యలో ఒకసారి ఆగి, స్తంభానికి చెయ్యి ఆనించి, మళ్లీ చెప్పింది. నాకు వినబడలేదు, ఆ జ్వరం రోజుల సంగతే అనుకున్నాను. వాడు రిజిస్టర్లు గుండెకు పట్టుకుని, ఆ ఎండలో కదలకుండా విన్నాడు. చాలాసేపు విన్నాడు. తర్వాత ఆమె రిజిస్టర్లు తీసుకుని రుక్మాబాయి ఇంటి వైపు తిరిగింది.

వాడు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కళ్లు తుడుచుకోలేదు, అట్లాగే వదిలేశాడు. కాసేపటికి, "తిన్నవా బాపు?" అని అడిగాడు.

ఇంకా లేదన్నాను.

వాడు లేచి వంటింట్లోకి పోయాడు. గూట్లో కంచాల చప్పుడైంది. మూడు తీసినట్టున్నాడు. ఒకటి మళ్లీ మెల్లగా లోపల పెట్టి, రెండు పట్టుకుని వచ్చాడు.